ఫైను కట్టేస్తే కేసు పోయినట్టు కాదండోయ్!

సంక్రాంతికి మా కోనసీమ కొబ్బరితోటల్లో బరులు ఎలా ఉంటాయో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయిపోయి ఖాళీగా తిరుగుతున్నాను. కనుమ రోజు రాజోలు వైపు ఓ ఊళ్లో పందెం చూద్దామని ఎల్లాను. జేబులో ఉన్నది అయిదొందలు. సాయంత్రం పోలీసులొచ్చారు. లక్షల్లో కాసినోళ్లు బండ్లెక్కి గట్టు దాటేశారు. పరిగెత్తలేని మేం పదకొండు మందిమి దొరికిపోయాం.

"ఒప్పేసుకోండ్రా, చిన్న ఫైను కట్టేసి ఇంటికెళ్లిపోతారు. లేదంటే ఏళ్ల తరబడి వాయిదాలకి తిరగాలి" అన్నారు. అన్నదెవరో, ఏ స్టేషనో ఇప్పుడు అనవసరం. కోర్టులో అడిగితే తలూపాను, మూడొందలు కట్టాను. పీడా పోయిందనుకున్నాను. అమ్మకి కూడా చెప్పలేదు. రసీదు ఎక్కడ పారేశానో గుర్తు లేదు.

నాలుగేళ్లకి కువైట్‌లో ఉన్న మా మావయ్య డ్రైవరు పని చూశాడు. పాస్‌పోర్టుకి పెట్టాను. ఎంక్వైరీకి వచ్చినాయన ఫోను చూసుకుని, "నీ మీద కేసు పెండింగు చూపిస్తందయ్యా" అన్నాడు. ఫైను కట్టేశానండి అన్నాను. "కాయితం ఉందా?" అన్నాడు. లేదు. కోర్టు నుంచి కాపీ తెచ్చి, స్టేషన్లో ఇచ్చి, కంప్యూటర్లో మార్పించేసరికి రెండు నెలలు దాటింది. అక్కడి కఫీలు అన్నాళ్లు ఆగలేదు. ఆ పనికి వేరే ఊరి కుర్రోడు వెళ్లాడు.

ఇప్పుడు నేను నెట్ సెంటర్ నడుపుకుంటున్నాను. పాస్‌పోర్టులు, ఉద్యోగాల దరఖాస్తులు నింపుతుంటాను. వారానికి ఒకడైనా "అన్నా, నా మీద చిన్న కేసుంది, ఎలా తీయించాలి?" అని అడుగుతాడు. నేను లాయర్ని కాను. దెబ్బ తిని నేర్చుకున్నోణ్ణి. నేర్చుకున్నది ఒక్క ముక్కలో చెప్పాలంటే, కేసు అయిపోవడం వేరు, పేరు తుడిచిపోవడం వేరు. రెండోది దానంతటదే జరగదు. మనమే చేయించుకోవాలి. కొన్ని చోట్ల చేయించుకోలేం కూడా.

ముందు నీ మీద ఉన్నదేంటో తెలుసుకో

"కేసుంది" అని అందరూ ఒకే మాట అంటారు గానీ అందులో చాలా రకాలున్నాయి.

ఒకటి బైండోవరు. ఎలక్షన్లప్పుడో పండగలప్పుడో తహసీల్దారు దగ్గరికి తీసుకెళ్లి గొడవ చేయనని బాండు రాయిస్తారు. అది శిక్ష కాదు, నేరం రుజువైనట్టూ కాదు. బాండు గడువు అయిపోతే దాని కట్టుబాటు కూడా అయిపోద్ది.

రెండోది ఎఫ్ఐఆర్. అంటే ఫిర్యాదు నమోదైందని మాత్రమే. పోలీసులు దర్యాప్తు చేసి సాక్ష్యం లేదనో, పొరపాటనో కోర్టుకి తుది నివేదిక ఇచ్చి మూసేయొచ్చు. లేదా ఛార్జిషీటు వేయొచ్చు. ఛార్జిషీటు మీద మేజిస్ట్రేటు కేసు నెంబరు ఇచ్చాక అది కోర్టులో నడుస్తున్న కేసు.

మూడోది తీర్పు. కొట్టేయడం, రాజీ, శిక్ష, ఇలా ఏదో ఒకటి. ఇక్కడే మన కుర్రోళ్లు బోర్లా పడతన్నారు. నేరం ఒప్పుకుని కోర్టులో ఫైను కడితే అది శిక్ష పడినట్టే. మూడొందలైనా, మూడు వేలైనా అంతే. పేకాట, కోడిపందెం, మందు తాగి బండి నడపడం, అన్నిటికీ ఇదే లెక్క. పైగా ఒప్పుకున్న కేసులో అప్పీలు దారి దాదాపు మూసుకుపోద్ది, శిక్ష ఎక్కువైందనో చట్టం ప్రకారం లేదనో అడగడం తప్ప. హెల్మెట్ లేదని వచ్చే ఈ-చలానా ఆన్‌లైన్లో కట్టడం వేరు, కోర్టు బోనులో ఒప్పుకోవడం వేరు. ఈ తేడా ఆ రోజు నాకు ఒక్కరు చెప్పుంటే బాగుండేది.

అందుకని ఒప్పుకునే ముందు ఒక్కసారి లాయర్ని అడగండి. డబ్బుల్లేకపోతే ఉచిత న్యాయ సహాయం ఉంది. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, అరెస్టయి కస్టడీలో ఉన్నోళ్లకి ఆదాయంతో పని లేకుండా ఇస్తారు. మిగతావాళ్లకి ఆదాయం పరిమితిని బట్టి ఇస్తారు. 15100 నెంబరుకి ఫోను చేస్తే ఎవర్ని కలవాలో చెప్తారు.

నీ పేరు ఎన్ని చోట్ల ఉంటది?

కేసు ఒక్కటే గానీ పేరు చాలా చోట్ల ఎక్కుతాది. స్టేషన్ రికార్డులో ఒకటి. దేశమంతా స్టేషన్లని కలిపే సీసీటీఎన్ఎస్ అనే పోలీసు కంప్యూటర్ వ్యవస్థలో రెండు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్లో మూడు. వేలిముద్రలు, ఫొటోలు తీసుకుంటే ఆ రికార్డులో నాలుగు. మన ఊరి వార్త రాసిన పేపరు, పోర్టలు, గూగులు అయిదు.

ఎఫ్ఐఆర్లు నెట్లోకి ఎందుకు వచ్చాయంటే, అది మన మంచి కోసమే మొదలైంది. నా మీద ఏం రాశారో నాకు తెలియాలి కదా అని యూత్ బార్ అసోసియేషన్ సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2016 సెప్టెంబరులో కోర్టు, సున్నితమైనవి తప్ప మిగతా ఎఫ్ఐఆర్లు 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టమంది. న్యాయం కోసం తెరిచిన ఆ కిటికీలోంచే ఇప్పుడు పెళ్లి సంబంధమోళ్లూ, ఉద్యోగమిచ్చేవోళ్లూ తొంగి చూస్తన్నారు.

ఈ అయిదూ ఒకదానికొకటి కబురు చెప్పుకుంటాయని నమ్మొద్దు. కోర్టులో కేసు కొట్టేసినా స్టేషన్ కంప్యూటర్లో పెండింగు అనే ఉండిపోవచ్చు. నాకు జరిగింది అదే.

తీయించుకునే దారులు

మొదటిది, కోర్టు సర్టిఫైడ్ కాపీ. తీర్పు గానీ, కేసు మూసేసిన ఆర్డరు గానీ ఏ కోర్టులో అయితే ఆ కోర్టులోనే కాపీకి పెట్టండి. అమలాపురమా, రాజోలా, కొత్తపేటా అన్నది కేసు ఎక్కడ నడిచిందో దాన్ని బట్టి ఉంటది. రెండు కాపీలు తీసుకోండి. ఒకటి జిరాక్స్ తీసి స్టేషన్లో దరఖాస్తుతో ఇచ్చి, మీ కాపీ మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. "సీసీటీఎన్ఎస్‌లో ఫలానా క్రైమ్ నెంబరుకి కోర్టు ఫలితం నమోదు చేయగలరు" అని స్పష్టంగా రాయండి. పట్టించుకోకపోతే అదే కాయితం జిల్లా ఎస్పీ ఆఫీసుకి పంపండి. ఆ తర్వాత సమాచార హక్కు కింద, నా కేసు మీ రికార్డులో ఏ స్థితిలో ఉందని అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఈ ఒక్క పనితోనే సగం తలనొప్పి పోద్ది.

రెండోది, రాజీ. గట్టు తగాదా, చిన్న కొట్లాట, తిట్టుకోవడం లాంటి కేసుల్లో చాలావాటికి చట్టమే రాజీ ఒప్పుకుంటది. పాత సీఆర్‌పీసీలో 320, ఇప్పటి బీఎన్ఎస్ఎస్‌లో 359 సెక్షను. రాజీ పడితే నిర్దోషిగా వదిలేసినట్టే లెక్క. కానీ రాజీ రావిచెట్టు కింద పెద్దల ముందు అయితే చాలదండి, కోర్టులోనో లోక్ అదాలత్‌లోనో నమోదవ్వాలి. బాబాయిలూ పెదనాన్నలూ కూర్చుని చేతులు కలిపించేశాక కేసు పోయిందనుకుని వాయిదాకి వెళ్లక, వారెంటు తెచ్చుకున్నోళ్లని చూశాను. ఇంకోటి, పేకాట, కోడిపందెం కేసుల్లో రాజీ కుదరదు. రాజీ ఎవరితో పడతావు, కోడితోనా?

మూడోది, హైకోర్టులో క్వాష్. కేసులో పస లేకపోయినా, రాజీకి వీల్లేని సెక్షన్లలో ఇద్దరూ నిజంగా సర్దుకున్నా, అమరావతిలో ఉన్న మన హైకోర్టు కేసు కొట్టేయగలదు. పాత 482, ఇప్పుడు 528 సెక్షను. రాజీ కుదిరిందని కొట్టేయొచ్చా అన్నదాని మీద సుప్రీంకోర్టు 2012లో గ్యాన్ సింగ్ కేసులో దారి చూపించింది. ఘోరమైన నేరాలకి ఇది వర్తించదు.

నాలుగోది, ప్రొబేషన్. నేరం రుజువైనా, చిన్నదైతే, మొదటిసారైతే, జైలూ ఫైనూ లేకుండా మందలించో, బాండు రాయించుకునో వదిలేయమని అడగొచ్చు. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం అది. అందులో 12వ సెక్షను చాలామందికి తెలియదు. ఆ చట్టం కింద వదిలేసినోడికి, ఆ శిక్ష వల్ల చట్టప్రకారం వచ్చే అనర్హత అంటదు. రికార్డు తుడిచిపోదు గానీ దాని కోర చాలావరకు ఊడిపోద్ది. ఒప్పుకోక తప్పని పరిస్థితి అయితే, ఫైను కట్టేసే ముందు లాయరు చేత ఈ మాట అడిగించండి.

అయిదోది, వేలిముద్రలు. 2022లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం ప్రకారం ఈ కొలతలు 75 ఏళ్లు దాచొచ్చు. అంటే మనం పోయాక కూడా ఉంటాయన్నమాట. కానీ అదే చట్టం, ముందు శిక్షలేం లేనోణ్ణి విచారణ లేకుండా వదిలేసినా, డిశ్చార్జి చేసినా, అప్పీళ్లన్నీ అయ్యాక నిర్దోషి అని తేలినా ఆ కొలతలు నాశనం చేయాలంది. కోర్టో మేజిస్ట్రేటో కారణం రాసి ఉంచమంటే తప్ప. కాబట్టి కాపీతో పాటు ఈ దరఖాస్తు కూడా పెట్టండి.

ఆరోది, రౌడీషీటు. అది శిక్ష కాదు, పోలీసుల లోపలి నిఘా పుస్తకం. కేసులన్నీ పోయినా షీటు నడుస్తానే ఉంటే, కోర్టు కాపీలన్నీ జతచేసి ఎస్పీకి అర్జీ పెట్టాలి. కదలకపోతే హైకోర్టులో రిట్టు వేయడమే.

పద్దెనిమిది నిండకముందైతే

ఇది మాత్రం అన్నలూ అక్కలూ గట్టిగా గుర్తుపెట్టుకోండి. పద్దెనిమిదేళ్ల లోపు చేసిన తప్పు జీవితాంతం మోయక్కర్లేదని మన చట్టమే చెప్తంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షను ప్రకారం ఆ పిల్లోడికి ఆ కేసు వల్ల ఏ అనర్హతా రాకూడదు. గడువు తీరాక ఆ రికార్డు నాశనం చేయాలి. పదహారు దాటినోడు ఘోరమైన నేరం చేశాడని పిల్లల కోర్టు తేల్చిన కేసులకి మాత్రం మినహాయింపు. 74వ సెక్షను ఇంకా ముందుకెళ్లి, ముగిసిపోయిన కేసు సంగతి క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసమని పోలీసులు బయటపెట్టకూడదంది. పదో తరగతి మార్కుల లిస్టు పట్టుకెళ్లి, ఆ రోజుకి మైనరునని చూపించండి.

అమలాపురం కుర్రోళ్ల సంగతి

2022 మే 24న అమలాపురంలో ఏం జరిగిందో ఇక్కడ అందరికీ తెలుసు. జిల్లాకి అంబేద్కర్ గారి పేరు పెట్టడం మీద మొదలైన గొడవ, మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టేదాకా పోయింది. ఆ రోజు చేసింది తప్పే, దాన్ని చిన్న కేసు అనను. కానీ వీడియోల్లో కనిపించినోళ్లూ, వాట్సాప్ మెసేజీలు తిప్పినోళ్లూ అంటూ కుర్రోళ్లు పెద్ద సంఖ్యలో అరెస్టయ్యారు. 2023లో అప్పటి ప్రభుత్వం ఆ కేసులు వెనక్కి తీసుకుంటామంది. "జీవో వచ్చేసింది, మన కేసు పోయింది" అని సంబరపడ్డోళ్లున్నారు.

జీవో కోర్టు తీర్పు కాదండి. కేసు ఉపసంహరించడానికి పబ్లిక్ ప్రాసిక్యూటరు కోర్టులో పిటిషను వేయాలి, కోర్టు ఒప్పుకోవాలి. పాత 321, ఇప్పటి 360 సెక్షను అది. అభియోగాలు నమోదు కాకముందైతే డిశ్చార్జి, తర్వాతైతే నిర్దోషి కింద లెక్క. కోర్టు ఒప్పుకోకపోవచ్చు కూడా. 2015లో కేరళ అసెంబ్లీలో కుర్చీలూ మైకులూ విరగ్గొట్టిన ఎమ్మెల్యేల కేసు ఎత్తేయాలని అక్కడి ప్రభుత్వమే అడిగితే, 2021 జులైలో సుప్రీంకోర్టు కుదరదంది. అందుకని ఎవరో చెప్పారని ఊరుకోకుండా, ఈ-కోర్ట్స్‌లో మీ కేసు నెంబరు కొట్టి చూసుకోండి. "డిస్పోజ్డ్" అని ఉంటే కాపీ తీసుకోండి. లేకపోతే వాయిదా తేదీ చూసుకోండి.

పక్కనే తుని ఉంది. 2016 జనవరి 31న రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ తగలబడింది. ఆ రైలు కేసుని విజయవాడ రైల్వే కోర్టు కొట్టేసింది 2023 మే 1న. ఏడేళ్లు దాటింది. ఆ ఏడేళ్లలో ఇరవై ఏళ్లోడికి ఉద్యోగాల వయసు దాటిపోద్ది. నినాదం ఇచ్చినోడు నాయకుడవుతాడు, వెనకాల పరిగెత్తినోడు ముద్దాయవుతాడు. ఇది ఏ కులానికైనా, ఏ పార్టీకైనా ఒకటే.

పాస్‌పోర్టు, ఉద్యోగం దగ్గర

ఎఫ్ఐఆర్ ఉంటే చాలు పాస్‌పోర్టు రాదనేది అపోహ. 1967 పాస్‌పోర్టు చట్టం ఆపమంటున్నది కోర్టులో కేసు నడుస్తున్నప్పుడు. లేదా అయిదేళ్ల లోపు నీతిమాలిన నేరానికి రెండేళ్లకి తగ్గని జైలు పడినప్పుడు. కేసు నడుస్తున్నా, కోర్టు దగ్గర అనుమతి తెచ్చుకుంటే పరిమిత కాలానికి పాస్‌పోర్టు ఇచ్చే వెసులుబాటు 1993 నుంచీ ఉంది.

ఉద్యోగాల ఫారంలో మాత్రం ప్రశ్న చాలాసార్లు వేరేగా ఉంటది. "ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు పెట్టారా, ఫైను పడిందా, నిర్దోషిగా విడుదలయ్యారా" అని అన్నీ అడుగుతారు. ప్రశ్న నిదానంగా చదవండి, అడిగిందానికి ఉన్నది ఉన్నట్టు రాయండి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, కుర్రతనంలో నినాదాలిచ్చిన లాంటి చిన్న కేసు దాచినా, అది తెలిసున్నా ఉద్యోగానికి పనికిరాకుండా చేసేది కాదనుకుంటే, యజమాని విచక్షణతో వదిలేయొచ్చు. అలాగని నిజం చెప్పినోణ్ణి తీసుకుని తీరాలనీ లేదు. పోలీసు ఉద్యోగాల్లో అయితే, అనుమానం కింద వదిలేసిన తీర్పునీ, కడిగిన ముత్యంలా వచ్చిన తీర్పునీ వేరువేరుగా చూస్తారు. కానీ చిన్న కేసు దాచి దొరికితే, కేసు కన్నా అబద్ధమే పెద్ద నేరం అయి కూర్చుంటాది.

గూగుల్లోంచి పోద్దా?

దీనికి సూటి జవాబు లేదు. 2017లో సుప్రీంకోర్టు గోప్యత మన ప్రాథమిక హక్కంది. 2021లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా తేలిన ఒకాయన తీర్పు సెర్చిలో రాకుండా చేయమంది. 2024లో మద్రాసు హైకోర్టు ఇంకో కేసులో తీర్పులోంచి పేరు తీయమంటే, అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. అంటే ఈ హక్కు ఇంకా గట్టున పడలేదు. న్యూస్ పోర్టళ్లకైతే ఓ దారుంది. 2021 ఐటీ రూల్స్ ప్రకారం ప్రతి డిజిటల్ వార్తా సంస్థకీ ఫిర్యాదుల అధికారి ఉండాలి, పదిహేను రోజుల్లో తేల్చాలి. తీర్పు కాపీ పెట్టి, "వార్త తీసేయండి, లేదా కేసు కొట్టేశారని కింద రాయండి" అని అడగండి. రెండోదానికి చాలామంది ఒప్పుకుంటారు.

"పదివేలివ్వు, ఆన్‌లైన్లో నీ పేరు లేపేస్తాం" అనే ఏజెంట్లు తగులుతున్నారు. పోలీసు రికార్డుని బయటోడు ఎవడూ లేపలేడు. లేపానంటే అబద్ధమన్నా అయి ఉండాలి, ఇంకో నేరమన్నా అయి ఉండాలి.

ఉన్న చట్టం చాలదు

ఇన్ని దారులు చెప్పినా నా మూడొందల ఫైను మాత్రం అలాగే ఉంది. ఎందుకంటే పెద్దోళ్లకి, శిక్ష పడ్డ చిన్న కేసుని కొన్నేళ్లకి తుడిచేసే చట్టం మన దేశంలో లేదు. బ్రిటన్‌లో 1974 నుంచీ ఉంది. అక్కడ ఫైను పడినోడు ఏడాది పాటు బుద్ధిగా ఉంటే, మామూలు ఉద్యోగాలకి ఆ సంగతి చెప్పక్కర్లేదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం 2018లో చట్టం చేసి, చిన్న కేసుల రికార్డులు అర్జీ లేకుండానే కంప్యూటరే మూసేసేలా చేసింది. మనకీ కంప్యూటర్లున్నాయి. పేరు ఎక్కించడానికి 24 గంటలు గడువు పెట్టినోళ్లు, పేరు దించడానికి గడువు పెట్టలేరా?

ఎన్నికలప్పుడు ఓట్లడగడానికి మన వీధుల్లోకొస్తారు కదా. కేసులు ఎత్తేస్తామనే మాటతో సరిపెట్టొద్దని అడగండి. అది ఏ గుంపుకి బలముంటే ఆ గుంపుకే దక్కుతాది. వెనకాల ఎవడూ లేని కుర్రోడికి కూడా వర్తించేలా, అయిదేళ్లు మళ్లీ ఏ కేసూ లేనోడి చిన్న తప్పు దానంతటదే చెరిగిపోయే చట్టం కావాలని అడగండి.

అప్పటిదాకా మన చేతిలో ఉన్న రబ్బరు ఒక్కటే, కోర్టు సీలున్న ఆ కాయితం. నాది ఇప్పుడు ప్లాస్టిక్ కవరులో, పదో తరగతి సర్టిఫికెట్ పక్కనే ఉంది. వచ్చే సంక్రాంతికి బరి దగ్గరికి వెళ్లొద్దని నేను చెప్తే మీరు వింటారా? వినరు. కనీసం దొరికినప్పుడు, ఒప్పేసుకో అనే మాటకి తలూపే ముందు, ఒక్క ఫోను చేయండి.